చనిపోయిన భర్త ప్యాంట్లతో కుట్టిన బొంత మ్యూజియం గోడెక్కింది: జీస్ బెండ్ కథ

ఈరోజు టాపిక్ బొంత. అవును, మన ఇళ్ళల్లో అటక మీదో పాత ట్రంకు పెట్టెలోనో మడతపెట్టి ఉంటుందే, ఆ బొంతే. హిస్టరీ ఛానల్లో బొంతేంటి బ్రో అని స్వైప్ చేసేయకండి, రెండు నిమిషాలు ఆగండి.

1942. అమెరికాలో అలబామా రాష్ట్రం. మిస్సూరీ పెట్‌వే అనే ఆవిడ భర్త నేథనియల్ చనిపోయాడు. ఇంట్లో ఆయన గుర్తుగా దాచుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. ఉన్నవల్లా పొలం పనికి వేసుకున్న బట్టలే. మోకాళ్ళ దగ్గర రంగు వెలిసిపోయిన ప్యాంట్లు, చెమటకి పలచబడ్డ చొక్కాలు. ఆవిడ కూతురు ఆర్లోంజియాని పిలిచి, మీ నాన్న బట్టలు తీసుకురా, బొంత కుడదాం, ఆయన్ని గుర్తు చేసుకుంటూ దాని కింద పడుకుంటాను అంది. ఇద్దరూ కూర్చుని ఆ బట్టల్ని చింపి, పట్టీలు పట్టీలుగా కలిపి కుట్టారు. దాదాపు ఏడున్నర అడుగుల పొడవు బొంత. నీలం, గోధుమ, తెలుపు. వెలిసిన చోట ఒక రంగు, జేబు ఊడదీసిన చోట ఇంకో రంగు.

అరవై ఏళ్ళ తర్వాత, 2002లో, ఆ బొంత హ్యూస్టన్‌లో ఒక పెద్ద ఆర్ట్ మ్యూజియం ఎగ్జిబిషన్‌లో ఉంది. జనం దాని ముందు నిలబడి చూస్తున్నారు. ఈ అరవై ఏళ్ళలో దాంట్లో ఒక్క కుట్టు కూడా మారలేదు. మరి మారిందేంటి? ఈరోజు ఎపిసోడ్ అంతా దాని గురించే.

ముందు బేసిక్స్. అమెరికాలో దీన్ని క్విల్ట్ అంటారు. మూడు పొరలుంటాయి. పైన రకరకాల ముక్కలు అతికిన గుడ్డ, మధ్యలో దూది, కింద అస్తరు. పై పొరకి ముక్కలు కలపడం ఒక పని. ఆ మూడు పొరలూ కదలకుండా గుచ్చి గుచ్చి కుట్టడం ఇంకో పని. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇప్పుడు అమెరికాలో ఇది భారీ హాబీ. క్విల్ట్ బట్టల షాపులే వేరుగా ఉంటాయి. రంగుల వారీగా తాన్లు గోడంతా పేర్చి ఉంటాయి. 'ఫ్యాట్ క్వార్టర్' అని 18 అంగుళాలకి 22 అంగుళాల ముక్కలు కట్టలు కట్టి అమ్ముతారు. కొన్నవాళ్ళు కొన్నవి కొన్నట్టు ఇంట్లో దాచుకుంటారు, మనం చదవని పుస్తకాలూ పూర్తి చేయని ఆన్‌లైన్ కోర్సులూ పోగేసినట్టు. హ్యూస్టన్‌లో ఏటా జరిగే ఇంటర్నేషనల్ క్విల్ట్ ఫెస్టివల్‌కి ప్రపంచం నలుమూలల నుంచీ వస్తారు. నాకు మొదట్లో ఇది భలే నవ్వొచ్చేది. కొత్త గుడ్డ కొని, ముక్కలు చేసి, మళ్ళీ అతికించడమేంటి అని. మన దగ్గర బొంత అంటే పాత చీర చిరిగాక మొదలయ్యేది కదా.

జీస్ బెండ్‌లో కూడా అంతే. చిరిగాకే మొదలు.

మ్యాప్ ఓపెన్ చేసి అలబామా నది చూడండి. విల్కాక్స్ కౌంటీ దగ్గర నది ఒక పెద్ద మెలిక తిరుగుతుంది. ఆ మెలిక లోపల, మూడు వైపులా నీళ్ళతో ఉన్న ఊరు జీస్ బెండ్. రికార్డుల్లో ఇప్పటి పేరు బాయ్‌కిన్. 1816లో జోసెఫ్ జీ అనే తెల్ల భూస్వామి నార్త్ కరోలినా నుంచి బానిసల్ని తీసుకొచ్చి ఇక్కడ పత్తి ఎస్టేట్ పెట్టాడు. ఊరికి అతని పేరే మిగిలింది. 1845లో అప్పుల కింద ఆ ఎస్టేట్ వాళ్ళ బంధువు మార్క్ పెట్‌వే చేతికొచ్చింది. అతను నార్త్ కరోలినా నుంచి దాదాపు వంద మంది బానిసల్ని అలబామా దాకా నడిపించుకుంటూ తెచ్చాడు. వందల మైళ్ళు, కాలినడకన.

ఆ ఊళ్ళో ఈరోజుకీ ఎవర్ని పలకరించినా పెట్‌వే ఇంటిపేరే ఎక్కువ వినిపిస్తుంది. అది యజమాని పేరు. మిస్సూరీ పెట్‌వే, ఆర్లోంజియా పెట్‌వే, లొరెట్టా పెట్‌వే. అంటే ఈ ఆడవాళ్ళ ఇంటిపేరే ఒక ఆస్తి పత్రం. నాకైతే ఈ కథలో మొదట గుచ్చుకున్నది ఇదే.

1865లో బానిసత్వం పోయింది. భూమి మాత్రం చేతికి రాలేదు. వాళ్ళంతా అదే నేల మీద కౌలు రైతులయ్యారు. విత్తనాలకి అప్పు, ఎరువుకి అప్పు, పత్తి పండాక అప్పు తీర్చడం, మళ్ళీ అప్పు. ఈ సైకిల్ మన పల్లెల్లో పుట్టినవాళ్ళకి నేను విడమర్చి చెప్పక్కర్లేదు. 1920ల్లో పత్తి ధర పడిపోతూ వచ్చింది. వాళ్ళకి ఏళ్ళ తరబడి అప్పిచ్చిన ఒక వ్యాపారి చనిపోయాడు. 1932లో అతని కుటుంబం బాకీ వసూలుకి దిగింది. దాదాపు అరవై కుటుంబాల ఇళ్ళ మీద పడ్డారు. మ్యూల్స్, అంటే పొలం దున్నే కంచర గాడిదలు, పోయాయి. నాగళ్ళు, బండ్లు పోయాయి. కోళ్ళు, గాదెల్లో మొక్కజొన్నలు కూడా వదల్లేదు. చలికాలం మొదట్లో. రెడ్‌క్రాస్ రేషన్ రాకపోతే ఆ ఊరు ఉండేదే కాదు.

1937లో ప్రభుత్వం తరపున ఆర్థర్ రోత్‌స్టీన్ అనే ఫోటోగ్రాఫర్ అక్కడికి వెళ్ళాడు. ఆ ఫోటోలు ఇప్పుడు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైట్‌లో ఫ్రీగా ఉన్నాయి, తప్పకుండా చూడండి. దుంగల ఇళ్ళు, గోడల సందుల్లోంచి గాలి రాకుండా లోపల అంతా పాత న్యూస్‌పేపర్లు అతికించి ఉంటాయి. ఆ ఇళ్ళల్లో రాత్రి పూట చలి ఆపేది ఒకే ఒక్క వస్తువు. బొంత. ఒకటి సరిపోదు, ఒకదాని మీద ఒకటి మూడో నాలుగో.

దేంతో కుట్టేవాళ్ళు? పని బట్టలు, పిండి సంచులు, ఎరువు సంచులు. మధ్యలో దూది ఎక్కడిదంటే, జిన్నింగ్ మిల్లులో నేల మీద రాలిన తుక్కు పత్తి ఏరుకొచ్చి, కర్రతో కొట్టి దుమ్ము దులిపి పరిచేవాళ్ళు. తాము పండించిన పత్తిలో వాళ్ళ వాటాకి మిగిలింది అది.

ఇప్పుడు ఇందాక చెప్పిన తేడా. ఆ ఊళ్ళో పై పొర ముక్కలు కలపడం ఎవరికి వాళ్ళు ఒంటరిగా చేసుకునే పని. మూడు పొరలు కలిపి కుట్టేటప్పుడు మాత్రం నలుగురూ ఒకచోట చేరేవాళ్ళు, పాటలు పాడుకుంటూ. అంటే డిజైన్ ఒక్కరిది, శ్రమ అందరిదీ. అందుకే ప్రతి బొంత మీదా ఒక మనిషి ముద్ర ఉంటుంది. 'హౌస్‌టాప్' అని ఒక పాటర్న్ ఉంది. మధ్యలో ఒక చదరం, దాని చుట్టూ పట్టీలు, వాటి చుట్టూ ఇంకా పట్టీలు, పైనుంచి ఇంటి కప్పు చూసినట్టు. అదే హౌస్‌టాప్‌ని పదిమంది పది రకాలుగా కుట్టారు. ఒకావిడ మధ్య చదరాన్ని పక్కకి జరిపేస్తుంది. ఇంకొకావిడ మూడు వైపులా నీలం పెట్టి నాలుగో వైపు ఎర్రది పెడుతుంది. ఏ పాటర్న్ అంటే 'మై వే', నా పద్ధతి అనేవాళ్ళు. కోడర్లకి చెప్పాలంటే, ఒకటే రిపో, అందరూ ఫోర్క్ చేసుకున్నారు, ఎవరూ మెర్జ్ చేయలేదు.

ఇక్కడ నాకు ఒక విషయంలో గట్టి అభిప్రాయం ఉంది. ఈ బొంతల మీద వచ్చిన చాలా వీడియోలు, పాపం పేదవాళ్ళు, ఉన్న గుడ్డతో ఏదో కుట్టారు, అదృష్టం కొద్దీ మోడర్న్ ఆర్ట్‌లా వచ్చింది అన్నట్టు మాట్లాడతాయి. అది తప్పు. పేదరికం గుడ్డని నిర్ణయించింది, నిజమే. కానీ ఆ వెలిసిన ప్యాంటు కాలుని నిలువుగా పెట్టాలా అడ్డంగా పెట్టాలా, మూల మీద ఆ ఒక్క ఎర్ర ముక్క ఉండాలా వద్దా, అది పేదరికం నిర్ణయించలేదు. చలి ఆపడానికే అయితే ఎలా అతికినా ఆగుతుంది. మా అమ్మమ్మ పాత చీరలతో బొంత కుడుతూ, అంచులన్నీ ఒకవైపుకి వచ్చాయని మొత్తం విప్పేసి మళ్ళీ మొదలుపెట్టింది. ఎవరు చూస్తారే అని మా అమ్మ అంటే, నేను చూస్తా కదా అంది.

అలాగని అందరూ ప్రేమతోనే కుట్టారని కూడా అనుకోకండి. లొరెట్టా పెట్‌వే, తనకి కుట్టుపని ఇష్టమే లేదని ఓపెన్‌గా చెప్పింది. ఇంట్లో పిల్లలు చలికి వణుకుతున్నారు, సాయం వచ్చేవాళ్ళు లేరు, కాబట్టి కుట్టింది. ఆవిడ బొంతలు ఇప్పుడు మ్యూజియంలలో ఉన్నాయి. ఇష్టం లేని పనిని కూడా అంత బాగా చేసే మనుషులుంటారు, ఏం చేస్తాం.

సరే, మళ్ళీ కథలోకి. రూజ్‌వెల్ట్ ప్రభుత్వం ఆ ఎస్టేట్ భూమి కొని, ఇళ్ళు కట్టించి, తక్కువ వడ్డీకి లోన్లిచ్చి ఆ కుటుంబాలకే అమ్మింది. 1940ల కల్లా చాలామందికి సొంత భూమి వచ్చింది. ఇది చాలా పెద్ద విషయం. ఎందుకంటే 1960ల్లో నల్లజాతి వాళ్ళు ఓటు నమోదుకి వెళ్తే, చుట్టుపక్కల ఊళ్ళల్లో భూస్వాములు వాళ్ళని ఇళ్ళల్లోంచి గెంటేసేవాళ్ళు. జీస్ బెండ్ వాళ్ళని గెంటలేరు, భూమి వాళ్ళదే. మరి ఏం చేశారు?

పంటు ఆపేశారు.

గోదావరి జిల్లాల వాళ్ళకి పంటు అంటే తెలుసు. మనుషుల్నీ బళ్ళనీ ఎక్కించుకుని ఏరు దాటించే పెద్ద పడవ. నరసాపురం, సఖినేటిపల్లి మధ్య తిరుగుతుందే, అలాంటిది. జీస్ బెండ్‌కి అవతలి ఒడ్డున క్యామ్డెన్ ఉంది. కౌంటీ కేంద్రం, ఓటు నమోదు చేయించుకోవాల్సిన చోటు. పంటు ఎక్కితే కాసేపటి పని. 1962లో ఆ పంటు ఆగిపోయింది. ఇక క్యామ్డెన్ వెళ్ళాలంటే నది చుట్టూ తిరిగి గంట పైన రోడ్డు ప్రయాణం, అదీ కారు ఉంటే. ఓటుకే కాదు, ఆసుపత్రికైనా అంతే. మళ్ళీ పంటు మొదలైంది ఎప్పుడో తెలుసా? 2006లో. నలభై నాలుగేళ్ళు! 2019లో అదే పంటుని పూర్తి ఎలక్ట్రిక్ చేశారు, అమెరికాలో ఆ రకం మొదటిది. టెక్నాలజీ వార్తగా మన ఫీడ్‌లోకి కూడా వచ్చింది. దాని వెనక ఉన్న ఈ నలభై నాలుగేళ్ళ మాట మాత్రం చాలా పోస్టుల్లో లేదు.

1965 ఫిబ్రవరిలో మార్టిన్ లూథర్ కింగ్ జీస్ బెండ్ వచ్చి మాట్లాడారు. అదే ఏడాది డిసెంబర్లో ఫ్రాన్సిస్ వాల్టర్ అనే తెల్ల పాస్టర్, పౌరహక్కుల పని మీద ఆ చుట్టుపక్కల కార్లో వెళ్తూ, ఒక ఇంటి దగ్గర తీగ మీద ఆరేసిన మూడు బొంతలు చూసి ఆగాడు. ఇంటావిడతో మాట్లాడదామని దిగితే ఆవిడ అడవిలోకి పారిపోయింది. తెల్ల మనిషి కారు దిగి ఇంటి వైపు వస్తున్నాడంటే ఆ రోజుల్లో మంచి జరగదని ఆవిడకి తెలుసు. తర్వాత తెలిసినవాళ్ళని వెంటబెట్టుకుని మళ్ళీ వెళ్ళాడు. ఊరూరా తిరిగి బొంతకి పది డాలర్ల చొప్పున ఇచ్చి పోగుచేసి, న్యూయార్క్‌లో వేలం పెట్టించాడు. 1966 మార్చిలో ఆ ఆడవాళ్ళు సొంతంగా ఒక సహకార సంఘం పెట్టుకున్నారు. పేరు 'ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ'. ఎస్టెల్ విదర్‌స్పూన్ దాన్ని ఏళ్ళ తరబడి నడిపింది. చేతికి సొంత డబ్బు వచ్చింది. 1969లో కుట్టు కేంద్రం కట్టుకున్నారు. అందుకోసం కొన్న భూమిలో, ఓటు గొడవల్లో ఇళ్ళు పోయిన కొన్ని కుటుంబాలకి స్థలాలు కూడా ఇచ్చారు.

కానీ మార్కెట్ కదా, దాని కండిషన్లు దానివి. బ్లూమింగ్‌డేల్స్ లాంటి న్యూయార్క్ స్టోర్లకి అమ్మాలంటే పది బొంతలూ ఒకేలా ఉండాలి, కుట్లు సమానంగా ఉండాలి, కొలత తప్పకూడదు. అంటే 'మై వే' పక్కన పెట్టాలి. కొందరికి నచ్చలేదు, దూరంగా ఉండిపోయారు. 1972లో సియర్స్ కంపెనీ కార్డురాయ్ గుడ్డతో దిండు కవర్లు కుట్టమని ఆర్డర్ ఇచ్చింది. గీతలు గీతలుగా ఉండే మందపాటి గుడ్డ, మన చిన్నప్పటి ప్యాంట్లకి వచ్చేది. అవకాడో ఆకుపచ్చ, బంగారం రంగు, ఎరుపు. రోజంతా ఒకే సైజు దిండు కవర్లు కుట్టి, మిగిలిన పీలికలు ఇంటికి తీసుకెళ్ళి వాటితో తమకి నచ్చినట్టు బొంతలు కుట్టుకున్నారు. ఆఫీసులో ఒకటే రకం కోడ్ రాసి, రాత్రి ఇంటికొచ్చి సొంత ప్రాజెక్ట్ చేసుకునేవాళ్ళకి ఈ ఫీలింగ్ తెలుసు. ఇవాళ మ్యూజియంలు మురిపెంగా చూపించేది ఆ పీలికల బొంతల్నే. దిండు కవర్లు ఎవరి దగ్గరా ఉన్నట్టు లేవు.

ఇక 1990ల చివరికి వద్దాం. విలియం ఆర్నెట్ అని అట్లాంటాలో ఒక ఆర్ట్ కలెక్టర్. ఒక పుస్తకంలో ఫోటో చూశాడు. కట్టెల పోగు మీద ఆరేసిన ఒక బొంత, పక్కన యానీ మే యంగ్. వెలిసిన పని బట్టల నీలం మధ్యలో భగ్గుమనే రంగు కార్డురాయ్ పట్టీలు. ఆవిడని వెతుక్కుంటూ జీస్ బెండ్ వెళ్ళాడు. అంతకుముందే ఆవిడ కొన్ని పాత బొంతల్ని కాల్చేసిందట. పత్తి పొగకి దోమలు పోతాయి కదా. ఆ బొంత మాత్రం మిగిలింది. కొన్ని బొంతలకి కలిపి కొన్ని వేల డాలర్లకి చెక్కు రాసిచ్చాడు. ఊరంతా గుప్పుమంది. ఆ తర్వాత వందల బొంతలు కొన్నాడు.

2002లో హ్యూస్టన్ మ్యూజియం ఆఫ్ ఫైన్ ఆర్ట్స్, ఆ వెంటనే న్యూయార్క్‌లో విట్నీ మ్యూజియం. న్యూయార్క్ టైమ్స్ విమర్శకుడు వాటిని అమెరికా ఆధునిక కళలో అద్భుతాల లెక్కలో వేశాడు. 2006లో అమెరికా పోస్టల్ శాఖ పది స్టాంపులు వేసింది. 2014లో మెట్రోపాలిటన్ మ్యూజియంకి ఇరవై బొంతలు వెళ్ళాయి. 2018లో మిషెల్ ఒబామా అధికారిక పోర్ట్రెయిట్ వేసిన ఏమీ షెరాల్డ్, ఆ గౌను మీద డిజైన్ చూస్తే తనకి జీస్ బెండ్ గుర్తొచ్చిందని చెప్పింది. ఇక్కడితో ఆపేస్తే ఇది రీల్‌కి సరిపోయే సక్సెస్ స్టోరీ.

2007లో యానీ మే యంగ్, లొరెట్టా పెట్‌వే కోర్టుకెళ్ళారు, ఆర్నెట్ వాళ్ళ మీదే. మా బొంతలకీ, వాటి డిజైన్లతో వచ్చిన వస్తువులకీ రావాల్సిన డబ్బు మాకు రాలేదన్నారు. ఆర్నెట్ పక్షం కాదంది. 2008లో కోర్టు బయట రాజీ అయింది. ఎవరు కరెక్ట్ అని నేను ఇక్కడ తీర్పు చెప్పను. ఆయన లేకపోతే ఆ బొంతల్లో చాలావరకు దోమల పొగకే పోయేవి, ఇది నిజం. కానీ బొంత కొనడం వేరు, ఆ డిజైన్ కొనడం వేరు. బొంత ఒక్కసారే అమ్ముడుపోతుంది. డిజైన్ కార్పెట్ మీదకి, క్యాలెండర్ మీదకి, కప్పు మీదకి ఎన్నిసార్లైనా వెళ్తుంది. మనం సాఫ్ట్‌వేర్‌లో లైసెన్స్ అంటామే, అదే గొడవ. తరాలుగా పక్కింటావిడ పాటర్న్ చూసి తమ పద్ధతిలో కుట్టుకున్న ఊళ్ళో, దీనికి ఓనర్ ఎవరు అనే ప్రశ్నే కొత్త.

తర్వాత కొంత మారింది. ఆర్నెట్ పెట్టిన సోల్స్ గ్రోన్ డీప్ ఫౌండేషన్, కాపీరైట్ డబ్బు కుట్టినవాళ్ళకి చేరే ఏర్పాట్లలోకి దిగింది. 2021లో ఆ ఊరి ఆడవాళ్ళు ఎట్సీలో ఎవరి షాపు వాళ్ళు తెరుచుకున్నారు. అంటే రేటు ఎంత అనేది మొదటిసారి కుట్టిన మనిషే టైప్ చేసింది. 2024లో టార్గెట్ స్టోర్లు ఐదుగురి డిజైన్లతో బట్టలు, వస్తువులు అమ్మాయి. ఆ ఐదుగురికీ అమ్మకాల్లో వాటా కాకుండా ఒకేసారి ఫిక్స్‌డ్ అమౌంట్ ఇచ్చారని వార్తలొచ్చాయి, విమర్శ వచ్చింది. కొందరికేమో ఆ డబ్బు ఆ టైమ్‌కి చాలా పనికొచ్చింది. రెండూ నిజమే.

2022 నుంచి ప్రతి అక్టోబర్‌లో ఊళ్ళోనే 'ఎయిరింగ్ ఆఫ్ ద క్విల్ట్స్' అని ఒక పండుగ చేస్తున్నారు. వెనకటికి బొంతల్ని బయట తీగల మీద ఎండకీ గాలికీ ఆరేసే అలవాటు ఉండేది, దాన్నే షోగా మార్చారు. ఏసీ హాలు లేదు, అద్దాల పెట్టె లేదు. కంచె మీద, తీగ మీద, వరండాల్లో బొంతలు. పక్కన కుట్టినావిడో, ఆవిడ కూతురో, మనవరాలో.

అట్లాంటాలో ఉన్న మన తెలుగువాళ్ళు చాలామంది ఈ ఛానల్ చూస్తారు. అక్కడి నుంచి కార్లో సుమారు నాలుగు గంటలు. వెళ్తే క్యామ్డెన్ వైపు నుంచి వెళ్ళి పంటు ఎక్కండి, టైమింగ్స్ ముందే చెక్ చేసుకోండి. మీ ఇంట్లో బొంత ఉంటే దాంట్లో ఎవరెవరి చీరలు ఉన్నాయో ఈ రాత్రి అమ్మనో అమ్మమ్మనో అడిగి కామెంట్‌లో రాయండి, పేర్లతో సహా. వచ్చే వారం కలుద్దాం. ఉంటాను.